సన్న కుట్టు

మా అబ్బాయి ల్వాన్ సముద్రంలో తప్పిపోయిన రోజున బడిలో అర్ధ సంవత్సర పరీక్షలు జరుగుతున్నాయి. నేను పదకొండో తరగతి గదిలో కాపలా ఉన్నాను. కిటికీ తలుపు పదే పదే కొట్టుకుంటుంటే ఒక అమ్మాయి లేచి, తన చెప్పు అడ్డం పెట్టి వచ్చి, మళ్ళీ రాసుకోవడం మొదలుపెట్టింది. ఉత్తరపు గాలి దిగిందంటే మా ముయ్‌నేలో ఏ కిటికీ ఊరుకోదు. ఆ గాలి కోసమే ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో గాలిపటాలు వీపున వేసుకుని మా ఊరికి వస్తారు. నడుముకు గాలిపటం కట్టుకుని, కాళ్ళ కింద పలక పెట్టుకుని అలల మీద జారే ఆట అది. మావాడు వాళ్ళకు ఆ ఆట నేర్పేవాడు.

ఆ మధ్యాహ్నం వాడి దగ్గర నేర్చుకుంటున్న విదేశీయురాలు ఒకామె గాలికి కొట్టుకుపోయి, నీళ్ళలోకి పొడుచుకొచ్చిన కొండముక్కు దాటింది. అక్కడ నీళ్ళు బయటికి లాగుతాయి. ల్వాన్ తన గాలిపటం ఎగరేసుకుని ఆమె వెనకాలే వెళ్ళాడు. ఆమెను చేపలవాళ్ళ పుట్టి ఒకటి ఎక్కించుకుంది. ఆమె చెప్పినదాన్ని బట్టి, ల్వాన్ గాలిపటం పెద్ద చప్పుడుతో పగిలింది. గుడ్డ నీళ్ళ మీద పరుచుకుంది. తర్వాత ఒక అల వచ్చింది. ఆ అల దాటాక ఆమెకు ఏమీ కనపడలేదు.

మర్నాడు వలలు లాగేవాళ్ళకు గాలిపటం దొరికింది. వాడు దొరకలేదు.

దాన్ని మా ఇంటికి తెచ్చింది ఆరో మామ. వాళ్ళ ఇంట్లో పిల్లల వరసలో ఆరోవాడు కాబట్టి ఊరందరికీ ఆరో మామే. మోటారు సైకిలు మీద తడిచాపలా చుట్టి తెచ్చి, ఎక్కడ పెట్టమంటారని కూడా అడగకుండా, పెరట్లో చేపలు ఊరేసిన జాడీల పక్కన దించి వెళ్ళిపోయాడు. నా భార్య న్యాన్ వసారాలో కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. తలెత్తి చూసింది. తల దించుకుంది.

ఈ గాలిపటం పుల్లలదీ కాగితందీ కాదు. గది పైకప్పంత గుడ్డ. దాని ముందంచు పొడవునా తొడ లావు గొట్టం, దానికి అడ్డంగా సన్న గొట్టాలు. గొట్టం లోపల సైకిలు ట్యూబు లాంటిది ఉంటుంది, గాలి కొడితే బిగుసుకుంటుంది. ఆ ట్యూబుకు సొంత బలం లేదు. పైనున్న మందపాటి గుడ్డ పట్టి ఉంచితేనే అది నిలబడుతుంది. గుడ్డను పట్టి ఉంచేది కుట్టు. కుట్టు విడిపోతే ట్యూబు బుడగలా బయటికి ఉబ్బి పగులుతుంది. గాలిపటం నీళ్ళలో పడ్డా పడవలా తేలేది ఆ గొట్టంలో గాలి ఉన్నంతసేపే.

న్యాన్ మొదట్లో గాలిపటాల మనిషి కాదు. బడి బట్టలు కుట్టేది. మా ఊరి అమ్మాయిలు బడికి వేసుకునే తెల్లటి పొడవాటి ఆవ్‌జాయిల్లో సగం ఆమె చేతివే. నా తరగతిలో వెనక బెంచీ నుంచి ముందు బెంచీ దాకా ఆమె కుట్టే కూర్చుని ఉండేది. ఎంత దగ్గర దగ్గరగా కుట్టేదంటే, దారం కనపడేది కాదు, గీత గీసినట్టుండేది. చిరిగిన గాలిపటాన్ని మొదటిసారి ఇంటికి తెచ్చింది ల్వానే. "గుడ్డే కదమ్మా ఇదీ" అన్నాడు. గాలిపటాల మీద తయారీదారులు వేసిన కుట్టు చూసి ఆమె ముక్కు విరిచింది. "ఇది కుట్టా, పళ్ళూడిన దువ్వెనా? ఇంతింత దూరాన వేస్తే నిలబడుతుందా?" అంది. అప్పటి నుంచి వానాకాలం బడి బట్టలు, గాలికాలం గాలిపటాలు.

ల్వాన్ తప్పిపోవడానికి నెల క్రితం వాడి గాలిపటంలో ముందు గొట్టం అడుగు కుట్టు మూరెడు మేర విడిపోయింది. న్యాన్ మూడు వరుసలు వేసి ఇచ్చింది.

ఆ మూడు వరుసలు నిలిచాయా, తెగాయా? పెరట్లో ఆ చుట్ట విప్పి చూస్తే తెలిసిపోతుంది. ఎవరం విప్పలేదు. ఆమె అటు వైపు వెళ్ళడమే మానేసింది. నీళ్ళ కుండ కూడా ఈ పక్కకు జరిపించింది. ఎవరైనా గాలిపటం తెస్తే మిషను పాడైందని చెప్పి పంపేసేది. పొట్టివైపోయిన ఆవ్‌జాయిల అంచులు విప్పి పొడవు చేసే పని ఏదో పెట్టుకుని పొద్దస్తమానం కూర్చునేది. పెళ్ళయి పిల్లాడు పుట్టినప్పటి నుంచి నన్ను 'ల్వాన్ నాన్నా' అనే పిలిచేది. ఇప్పుడు ఏమనీ పిలవడం లేదు. అన్నం పెట్టి కంచం నా వైపు జరిపేది, అంతే.

కొత్త సంవత్సరపు తెత్ పండగ వచ్చి వెళ్ళింది. చావు ఇంటివాళ్ళం కాబట్టి మేము ఎవరి గడపా తొక్కలేదు. చనిపోయాడని న్యాన్ అనలేదు. అలాగని కాదనీ అనలేదు.

మా అమ్మ మాత్రం అనేది. అమ్మది లీ సోన్ దీవి. ఆ దీవిలో మగవాళ్ళు సముద్రానికి పోయి రాకపోవడం పాత సంగతి. వాళ్ళకు గాలి సమాధి కడతారు. మల్బరీ కొమ్మలు ఎముకలుగా పేర్చి, మట్టితో ఒళ్ళు చేసి, ఆ మనిషి ఒంటిమీది బట్ట తొడిగి, ఒడ్డున నిలబడి పేరు పెట్టి పిలుస్తారు. ఆత్మ వచ్చి ఆ మట్టిలో చేరాక పూడుస్తారు. లేకపోతే నీళ్ళ మీద తిరుగుతూనే ఉంటుందని నమ్మకం. నూరో రోజుకు అది జరగాలని అమ్మ పట్టుపట్టింది. దీవి నుంచి రమ్మని పూజారికి కబురు కూడా పెట్టించింది.

చిక్కు బట్ట దగ్గర వచ్చింది. ఒంటిమీది బట్ట అంటే ఉతకనిది కావాలి. వాడు తప్పిపోయిన సాయంత్రమే న్యాన్ వాడి బట్టలన్నీ ఉతికేసింది. తడిసి వస్తాడు, పొడి బట్టలు కావాలి కదా అనుకుంది.

"ఏమే కోడలా, వింటున్నావా?" అంది అమ్మ ఒక మధ్యాహ్నం, వసారాలో తమలపాకులు తుడుచుకుంటూ. "ఆ పెరట్లో చుట్ట ఉందిగా. చొక్కా అంత ముక్క చాలు. వాడి చెమట దాంట్లోనే ఉంది."

"దాన్ని ఎవరూ కొయ్యడానికి లేదత్తయ్యా."

"కొయ్యకపోతే బట్టల్లేకుండా పంపుతావా నా మనవణ్ణి? ఐదేళ్ళు వచ్చేదాకా ఊరంతా అట్టాగే తిరిగాడు. ఆ సంబడం చాల్లే."

నాకు నవ్వు రాబోయింది. న్యాన్ మిషను తొక్కడం ఆపలేదు. అమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పరా. ఊరి పిల్లలందరికీ చెబుతావు, పెళ్ళానికి చెప్పలేవా?"

నేను దిద్దాల్సిన కాగితాల కట్ట ముందుకు లాక్కున్నాను.  ఆ కుట్టు ఎలా ఉందో తెలుసుకోవాలని ఉండేది, తెలియకపోతే బాగుండుననీ ఉండేది. రెండూ సమానంగానే ఉండేవి కాబట్టి రోజులు అలా జరిగిపోయాయి.

తిన్ ఒక ఆదివారం వచ్చాడు. ల్వాన్, తిన్ ఒకే బెంచీ పిల్లలు, ఒకే ఒడ్డున గాలిపటాల ఆట నేర్పే పంతుళ్ళు అయ్యారు. బడిలో నా చేతుల్లో ఎక్కువ తన్నులు తిన్నది వాడే. ఎర్ర గాలిపటం ఒకటి భుజాన వేసుకుని గేటు దగ్గరే మొదలుపెట్టాడు.

"పిన్నీ! ఉన్నావా?"

"మిషను పాడైంది" అంది న్యాన్ లోపలి నుంచి.

"పాడైన మిషను ఇంత చప్పుడు చేస్తుందా? వీధి చివరికి వినపడుతోంది."

"ఇది బట్టల మిషను."

"సరే, నేనూ బట్టే తెచ్చానులే. నానమ్మా, నువ్వన్నా చెప్పవే నీ కోడలికి."

"నా మాట వింటే నీ దాకా ఎందుకొస్తుంది?" అంది అమ్మ.

తిన్ నా వైపు చూసి భుజాలు ఎగరేశాడు. వాకిట్లో గాలిపటం విప్పి పరిచాడు. ముందు గొట్టం అడుగున జానెడు చిరుగు. "చూడండి మాస్టారూ. ఇది పిన్ని కుట్టిందే, వానలు ఆగిన కొత్తల్లో. పిన్ని కుట్టంటే ఇనప కంచె. గుడ్డ చిరిగింది గానీ కుట్టు చెక్కుచెదర్లేదు. కుట్టును ఆనుకుని ఇట్లా తిన్నగా పోయింది, తపాలా బిళ్ళ చింపినట్టు. దారం ఒక్కటి ఊడితే ఒట్టు!"

వాడు ఆమెను మెచ్చుకుంటున్నాడు. ఆమె వినాలనే గొంతు పెంచాడు. నేను వంగి చూశాను. నిజమే, దారం అలాగే ఉంది. దారం పక్కన సూది పొడిచిన రంధ్రాలు చీమల బారులా ఉన్నాయి. చిరుగు ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రానికి నడుచుకుంటూ పోయింది.

మిషను చప్పుడు ఆగింది.

న్యాన్ బయటికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. బొటనవేలి గోరు ఆ రంధ్రాల మీద మెల్లగా జరిపింది. గుడ్డను రెండు చేతులా పట్టి కొంచెం లాగింది. ఎక్కువ లాగలేదు. ఇంకో వేలెడు చిరిగింది.

"దీన్ని ఇక ఎగరెయ్యకు" అంది.

"ఇంత చిరుగుకేనా? పిన్నీ, అంటుగుడ్డ వేసి..."

"ఎగరెయ్యకన్నాను కదా."

తర్వాత నా వైపు చూడకుండానే, "అది తీసుకురండి" అంది.

నేనూ తిన్ కలిసి ల్వాన్ గాలిపటాన్ని పెరట్లోంచి మోసుకొచ్చాం. ఇసుక పట్టి రాయిలా బరువెక్కింది. విప్పుతుంటే మడతల్లోంచి ఎండిన నాచు, గవ్వలు, ఒక చిన్న పీత డొల్ల రాలాయి. తిన్ బకెట్టు కోసం లేచాడు. "నీళ్ళు పొయ్యకురా! ఉప్పంతా పోతుంది, వాడిది" అని అమ్మ అరిచింది. అందుకని చీపురుతో, చేతులతో ఇసుక దులిపాం. అమ్మ కూడా కూర్చుని ఒక మూల తన పైగుడ్డతో తుడిచింది.

న్యాన్ చిరుగును మొదటి నుంచి చూసుకుంటూ వచ్చింది. అది మొదలైంది గొట్టం ముందు భాగంలో. ఒడ్డున గాలిపటాన్ని బోర్లా పెడితే ఆ భాగం ఇసుకను రాసుకుంటుంది. అక్కడ గుడ్డ అరిగి నూగు లేచి ఉంది. ఆ చోటుకూ ఆమె కుట్టుకూ సంబంధం లేదు. అక్కడి నుంచి చిరుగు అడ్డంగా దిగి అడుగు కుట్టును చేరింది. అక్కడ రెండు పొరల గుడ్డ మడిచి ఉంటుంది, ఎంతటి చిరుగైనా అక్కడ ఆగాలి. ఇది ఆగలేదు. పక్కకు తిరిగి, ఆమె వేసిన బయటి వరుస వెంట, రంధ్రం రంధ్రం పట్టుకుని, ఆ మూరెడూ తెరుచుకుంది. మూడు వరుసల దారమూ చెక్కుచెదరకుండా ఒక అంచుకు వేలాడుతోంది. ఆమె కుట్టు అయిపోయి తయారీదారుల కుట్టు మొదలైన చోట చిరుగు ఆగింది.

నాకు అదంతా అర్థం కాలేదు. దారం తెగలేదన్నది మాత్రం కనపడింది. "నీ కుట్టు తెగలేదు న్యాన్" అన్నాను.

"మొదలైంది నా చోట కాదు" అంది. "ఆగాల్సింది నా చోట."

 తర్వాత ఆమే చెప్పింది, తిన్‌కు చెబుతున్నట్టుగా. "బడి బట్టకు కుట్టినట్టు కుట్టాను. ఆ బట్టకు దగ్గర కుట్టు బలం. ఇది నేత గుడ్డలా సాగేది కాదు. పొడిచిన కొద్దీ చిల్లులే మిగులుతాయి, గుడ్డ మిగలదు. వాళ్ళు దూరం దూరంగా వేసింది అందుకు. నేను చూసి నవ్వాను."

"ఆ రోజు గాలి చూశావా పిన్నీ? ఎవరి కుట్టయినా..."

"ఎవరి కుట్టో కాదు కదరా."

 ఆమె లేచి నిలబడి, జాడీల కొట్టాల కప్పుల మీదుగా ఒడ్డు వైపు చూసింది. ఆదివారం కదా, ఆకాశం నిండా గాలిపటాలు ఉన్నాయి. నీలం, ఆకుపచ్చ, నారింజ.

"వాటిల్లో నేను కుట్టినవి ఎన్ని?" అంది.

తిన్ తన ఎర్ర గాలిపటాన్ని చుట్టడం మొదలుపెట్టాడు. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని, "మెచ్చుకుందామనే అన్నాను మాస్టారూ" అన్నాడు. నాకు తెలుసన్నాను.

నూరో రోజు దాటాక ఒడ్డుకు వెళ్దామని నేనన్నాను. ఆమెకు ఒంట్లో శక్తి లేదు, నాకూ లేదు. "నూరో రోజు దాకా గాలి ఆగుతుందా?" అని అడిగి, తాటాకు టోపీ తగిలించుకుని నడిచింది. నేను వెనకాల వెళ్ళాను. మూడు నెలల తర్వాత ఆమె సముద్రం వైపు నడవడం అదే మొదలు.

ల్వాన్ పనిచేసిన గాలిపటాల బడి యజమాని బ్యూ. ఆమెను చూడగానే కుర్చీలోంచి లేచాడు.

"అక్కా! మీరు ఇంత ఎండలో... రండి, నీడలోకి రండి. ఒరేయ్, ఐసు కాఫీలు రెండు!"

"కాఫీ వద్దు బ్యూ. నేను కుట్టినవన్నీ దించు."

విషయం చెప్పింది. రెండు ముక్కల్లో చెప్పింది. బ్యూ చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"అక్కా, ఇట్లాంటివి పైకి అనకూడదు. ఇన్నాళ్ళలో మిమ్మల్ని ఎవరన్నా ఒక్క మాటన్నారా? అనలేదు. ఇప్పుడు మీ నోటితో మీరే అంటే, రేపు నలుగురూ ఏమంటారు?"

"ఏమంటారు?"

"కొడుకు పోయాడు, పాపం మతి చెదిరిందంటారు."

"అననీ. అనుకుంటూనే దించమను."

"మాకు గాలి ఉండేదే నాలుగు నెలలు. అన్నీ దించితే నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళని ఇసుకలో ఆడించమంటారా? మాస్టారూ, మీరు చదువుకున్నవాళ్ళు, మీరైనా..."

ఆమె చెప్పింది నిజమని నేనన్నాను.  ఆమె అప్పటికే ఒడ్డున ఇసుకలో కూర్చుని ఆకాశంలోకి వేలు చూపిస్తోంది. ఆమె ఎప్పుడూ ఏదీ రాసి పెట్టుకోలేదు. ఏ గాలిపటం ఎక్కడ చిరిగి తన దగ్గరికి వచ్చిందో చేతులకు గుర్తుంది.

"ఆ నీలంది. రెండో అడ్డ గొట్టం మొదట్లో. ఆ నల్లగీతలది, చివరి కొస. అదిగో, ఆకుపచ్చది, అడుగు కుట్టు. ముందు దాన్ని దించమను, ముందు దాన్ని."

నీళ్ళ అంచున నిలబడ్డ పంతులు కుర్రాడొకడు అరిచాడు. "పిన్నీ, ఆకుపచ్చది దించితే మా శిష్యురాలు నన్ను దించుతుంది! రెండు రోజుల్నించి పడీ లేచీ ఇప్పుడే నిలబడింది పలక మీద!"

"నిలబడింది కదా, చాలు. ఇంటికి పొమ్మను."

"అబ్బ, మాస్టారుగారి కన్నా గట్టిగా ఉన్నావే!"

న్యాన్ ఆకుపచ్చ గాలిపటం నుంచి కళ్ళు తిప్పలేదు. అది గాలివాటుకు వంగినప్పుడల్లా ఆమె పిడికిట్లో ఇసుక బిగిసేది. బ్యూ ఆమె వెనక నిలబడి అది చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నీళ్ళ దాకా నడిచి, అరచెయ్యి తల మీద పెట్టుకుని నిలబడ్డాడు. దింపమని ఈ ఆటలో అదే సైగ. ఒకళ్ళను చూసి ఒకళ్ళు తల మీద చెయ్యి పెట్టుకున్నారు. ఒక్కొక్కటీ దిగింది.

ఆ రోజు నుంచి మా వాకిట్లో కాలు పెట్టడానికి చోటు లేదు. బడి వదలగానే వచ్చి నేను కుట్లు విప్పేవాణ్ణి. చిన్న కొక్కెం లాంటి కత్తితో ఒక్కొక్క దారం తెంపి లాగాలి. ఆమె కుట్టిన కుట్టు కదా, చచ్చినా రాదు. వేళ్ళు పుండ్లయ్యాయి. అంతకు ముందు లోపలి ట్యూబు బయటికి తియ్యాలి. తీసేటప్పుడు దాని కొసకు తాడు కట్టి లాగాలి. ట్యూబు బయటికి వచ్చాక తాడు గొట్టంలో ఉండిపోతుంది, తర్వాత ఆ తాడుతోనే ట్యూబును వెనక్కి లాగొచ్చు. మొదటిసారి నేను తాడు కట్టడం మరిచిపోయాను. తిన్ వెదురు కర్రకు గుడ్డ చుట్టి, పడుకుని, ఆ గొట్టంలో సగం పొద్దు దేవులాడాడు. "పరీక్షలో మాస్టారు తప్పారు" అన్నాడు చెమట తుడుచుకుంటూ. న్యాన్ వైపు చూశాను. నవ్వలేదు గానీ, తాడు చుట్ట తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

చిల్లులు పడ్డ మేర గుడ్డను ఆమె మొత్తంగా కోసేసేది. కొత్త గుడ్డ రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించి, మిషను మీద కుట్టు దూరం మార్చే మర తిప్పి, దూరపు కుట్టు వేసేది. చెయ్యి మాత్రం ఊరుకునేది కాదు. ఇన్నేళ్ళ అలవాటు. కొంత దూరం పోయేసరికి గుడ్డను వెనక్కి పట్టి ఆపేది, కుట్టు దానంతటదే దగ్గరయ్యేది. అప్పుడు మిషను ఆపి, విప్పి, మళ్ళీ మొదలు. తడిగుడ్డ మెడ మీద వేసుకుని కూర్చునేది. గాలిపటం బరువు మిషను మీది గుడ్డను పక్కకు లాగకుండా నేను చుట్ట ఎత్తి పట్టుకుని, ఆమె జరిపినంత జరిపేవాణ్ణి.  అన్నం చల్లారిపోయి ఉండేది. అమ్మ ఎండుచేప కాల్చి, ముళ్ళు తీసి, మా కంచాల్లో వేసి, తిట్టుకుంటూ వెళ్ళి పడుకునేది. మర్నాడు తరగతిలో పాఠం మధ్యలో ఏ వాక్యం దగ్గర ఉన్నానో మరిచిపోతే పిల్లలు మెల్లగా అందించేవాళ్ళు.

నూరో రోజుకు రెండు రోజుల ముందు ఆమె ల్వాన్ గాలిపటం ముందు కూర్చుంది. చిల్లుల వరుస ఉన్న అంచు మొత్తాన్ని, మూడు వరుసల దారంతో సహా, ఒకే పట్టీగా కోసింది. మడిచి అమ్మ చేతికిచ్చింది.

అమ్మ విప్పి చూసింది. "చొక్కా అంత అన్నాను. ఇది నడికట్టంత ఉంది."

"అదే ఇవ్వగలను అత్తయ్యా."

అమ్మ ఆ దారపు వరుసల మీద చెయ్యి పెట్టి నిమిరింది.  "చాల్లే. సన్నంగానే ఉండేవాడు" అంది.

ఎర్ర ఇసుక దిబ్బల పైన మా ఊరి శ్మశానం. పూజారి మట్టితో చేసిన ముఖం చూసి, ముక్కు వాడిలా లేదని అమ్మ గొణిగింది. పూజారి ఓపిగ్గా సరిచేశాడు. అప్పటికీ వాడిలా లేదు. పట్టీని నడుముకు చుట్టాం. దిబ్బ దిగి ఒడ్డున నిలబడి పూజారి మూడుసార్లు పేరు పిలిచాడు. నన్నూ పిలవమన్నాడు. నేను పిలిచాను. తరగతిలో హాజరు పిలిచే గొంతే వచ్చింది. ఇంకో గొంతు రాలేదు. న్యాన్ పిలవలేదు. తిరిగి పైకి వచ్చాక మట్టి వెయ్యమన్నప్పుడు వంగి ఒక పిడికెడు వేసింది. ఇంటికి వచ్చి, సంతాపానికి తలకు కట్టిన తెల్లగుడ్డ విప్పకుండానే మిషను ముందు కూర్చుని, "ల్వాన్ నాన్నా, ఆ నల్లగీతలది ఇటివ్వండి" అంది.

గాలి తగ్గే వేళకు ఒడ్డు మీదివన్నీ అయ్యాయి. వేరే ఊళ్ళకు వెళ్ళినవి కొన్ని బస్సుల మీద వచ్చాయి. బ్యూ మనుషుల్ని పంపి తెప్పించాడు. ఒక ముసలి ఫ్రెంచాయన తనది కుట్టించుకోనన్నాడు, ఈ కుట్టు ఇన్నాళ్ళు నిలిచింది కదా అన్నాడు. న్యాన్ ఆయన బస చేసిన ఇంటి మెట్ల మీద కూర్చుంది. పొద్దున్న నుంచి మధ్యాహ్నం దాకా కూర్చుంది. ఆయన తెచ్చి ఇచ్చాడు.

ఒకటి మిగిలింది. పసుపురంగుది. కొరియా నుంచి వచ్చిన ఒకతనిది. ల్వాన్ గాలిపటం కుట్టిన వారంలోనే దాన్నీ కుట్టింది, అదే చోట, ముందు గొట్టం అడుగున, ఇంకా పొడవుగా. మేము ఒడ్డుకు వెళ్ళేనాటికే అతను వెళ్ళిపోయాడు. బస ఇచ్చిన ఆవిడకు అతని పేరు మిన్ అని మాత్రం గుర్తుంది, ఇంకో దేశంలో గాలి మొదలైందని వెళ్ళాడని చెప్పింది. ఏ దేశమో తెలియదు. ఈ ఆటవాళ్ళు మాట్లాడుకునే చోట్లన్నిటా తిన్ ఆ గాలిపటం ఎగరెయ్యవద్దని ఫోనులో రాసి పెట్టాడు, కొరియా భాషలోకి మార్పించి కూడా పెట్టాడు. ల్వాన్ పేరు చూసి చాలామంది జవాబులు రాశారు. అన్నీ సానుభూతి మాటలే. తిన్ మళ్ళీ రాశాడు. మళ్ళీ అవే వచ్చాయి.

ఇప్పుడు వానలు. న్యాన్ కొత్త తరగతుల పిల్లలకు ఆవ్‌జాయిలు కుడుతోంది. తిన్ వారానికోసారి వచ్చి ఫోను చూపించి వెళ్తాడు. పసుపు గాలిపటం ఎక్కడ ఎగురుతోందో మాకు తెలియలేదు. దాని అడుగు కుట్టు ఇంకా విప్పలేదు.